తేనె రంగు కట్టె

నేను క్యూలు తయారుచేసే చోట పనిచేస్తున్నానంటే మా చుట్టాలు చాలాకాలం నమ్మలేదు. "క్యూ ఎవరన్నా తయారుచేస్తారామ్మే? రేషన్ షాపు ముందర దానంతట అదే తయారైతాది కదా" అని మా చిన్నమ్మ పగలబడి నవ్వేది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద రంగు బంతుల్ని కొట్టి మూలల్లోని గుంతల్లో వేసే ఆట ఒకటుందని, ఆ కొట్టే కర్రను క్యూ అంటారని చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి "కట్టెలకు రంగేసే పని" అనడం మొదలుపెట్టాను. అది అందరికీ అర్థమైంది. నిజానికి అదే సరైన మాట కూడా.

ఇప్పుడు పొద్దున్నే ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ వైపు పోయే కంపెనీ బస్సుల్లో మీలాంటి ఆడపిల్లలు మెడలో కార్డులు వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుని ఉంటే నాకు ముచ్చటగా ఉంటుంది. మా కాలంలో హిందూపురంలో ఆడవాళ్లకు దొరికే పని పట్టు తీసే పని. పట్టుగూళ్ల మార్కెట్టు నుంచి మూటలు వచ్చేవి. సలసల కాగే నీళ్లలో ఆ గూళ్లు వేసి, పోగు అందుకుని, చక్రానికి ఎక్కించాలి. నేను పదిహేనేళ్ల వయసు నుంచి ఆ పనిలోనే ఉన్నాను. వేళ్ల చివర్లు నానినాని తోలు ఊడిపోయేది. అన్నం కలుపుకుంటే కారం మండి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఒక దశలో గోళ్ల కింద చీము పట్టింది. గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరమ్మ నా చేతులు చూసి, "వేడి నీళ్లలో చెయ్యి పెట్టే పని ఇంక మానుకోవాల" అంది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. మా ఆయన లారీల మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. నీళ్లు లేని పని యాడ దొరుకుతుందా అని ఊరంతా అడిగాను.

మా నాయన పరుపులు కుట్టేవాడు. ఆయన అంగడి పక్కనే మంచాల షాపు ఉండేది. ఆ షాపుకు మంచం కోళ్లు, ఉయ్యాల కడ్డీలు లేతు మిషను మీద తిప్పి ఇచ్చే పెద్దాయన ఒకడు పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. నాయన మీద అభిమానంతో ఆయనే నాకు దారి చూపించాడు. "మా షెడ్డులో కట్టెల్ని ఉప్పు కాగితంతో నున్నగా రుద్దే పని ఉండాది పాపా. పొడి పనే. దుమ్ము మాత్రం మింగాల" అన్నాడు. ఆయన్ను నేను పెదనాయనా అని పిలిచేదాన్ని.

ఆ షెడ్డు యజమానిది రొళ్ల దగ్గరి పల్లె. చిన్నప్పుడే బెంగళూరు పోయి, పెద్దవాళ్ల క్లబ్బులో ఈ ఆటకు లెక్క చెప్పే ఉద్యోగం చేసి, అక్కడి కర్రలకు రిపేర్లు చేయడం నేర్చుకుని తిరిగొచ్చాడు. తొంభైల చివర్లో బెంగళూరులో ఈ ఆట ఆడించే పూల్ పార్లర్లు సందుకొకటి తెరిచారు. దాంతో ఈయనకు పని పెరిగింది. మేపుల్ అనే విదేశీ చెక్కను బెంగళూరులో కొని, హిందూపురం తెచ్చి, పెదనాయన చేత తిప్పించి, నా చేత రుద్దించి, పాలిష్ పట్టించి పంపేవాడు. షెడ్డులో ఉండేది మేం ముగ్గురమే. కొన్నేళ్లకు పాలిష్ పని పూర్తిగా నా చేతికొచ్చింది.

మేపుల్ చాలా తెల్లటి చెక్క. కొత్తగా తిప్పిన కర్ర పాల మీగడలాగా ఉంటుంది. నేను ముందు అదే అందం అనుకునేదాన్ని. కానీ బెంగళూరు వాళ్లు తేనె రంగు అడగడం మొదలుపెట్టారు. "జేను రంగు కావాలంటమ్మా, ఏమన్నా చెయ్" అని యజమాని నా ముందు ఒక తెల్ల కర్ర పెట్టేవాడు. అంగట్లో దొరికే రంగు నీళ్లు పూస్తే తేనె రాలేదు, బెల్లం పాకం మాడినట్టు వచ్చేది. ఆయన "పర్వాలేదులే" అని పంపేవాడు. వాళ్లూ పర్వాలేదులే అని తీసుకునేవాళ్లు. అట్లా జరిగిపోతున్న రోజుల్లో ధర్మవరం నుంచి ఒకామె వచ్చింది.

నలభై దాటిన మనిషి. చంకలో పాత చీర ముక్కతో చుట్టిన చిన్న మూట. విప్పితే మూరెడు కర్ర ముక్క బయటపడింది. ఒక కొస చెదలు తిని జల్లెడైపోయింది. రెండో కొస మాత్రం నిక్షేపంగా ఉంది. ఆ రంగు నాకిప్పటికీ కళ్ల ముందుంది. తేనె సీసాను కిటికీలో పెడితే లోపలి నుంచి వెలుగుతుంది చూడండి, అట్లా ఉంది. రంగు చెక్క మీద లేదు, చెక్కలో ఉంది.

"మా నాయనది" అందామె. "ఇంజను డ్రైవరుగా చేసి రిటైరైనాడు. డ్యూటీ దిగితే రైల్వే క్లబ్బులోనే ఉండేవాడు, ఆటంటే అంత పిచ్చి. వానలకు వెనక గది కారి, ఇది చెదలు పట్టింది. అప్పటికే ఆయనకు మతిమరుపు మొదలైంది. ఇప్పుడు నా పేరు తెలీదు. మా అమ్మ చచ్చిపోయిందని తెలీదు. కట్టె మాత్రం మర్చిపోల్యా. పొద్దున లేస్తానే, కట్టె యాడ, కట్టె యాడబెట్టినారు అని ఇల్లంతా వెతుకుతాడు. మంచం కింద, బియ్యం డబ్బాలో, యాడంటే ఆడ. వెతికి వెతికి ఏడుస్తాడు."

"కొత్తది చేసిస్తాం లేమ్మా" అన్నాడు యజమాని.

"క్లబ్బులో వాళ్లు ఒక తెల్లది ఇచ్చినారు సార్. చేతికిస్తే విసిరేసినాడు. ఇది కాదు అన్నాడు. అందుకే ఈ ముక్క తెచ్చినా. ఇదే రంగు రావాల. చేస్తారా?"

యజమాని నా వైపు చూశాడు. నేను పెదనాయన వైపు చూశాను. పెదనాయన ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, వేళ్లతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "మేపులే" అని గోడకు ఆనించిన చెక్కల దగ్గరికి నడిచాడు. ఒక్కొక్కటే కంటి దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి చూసి, చివరికి ఒకటి తీశాడు. ఆయన దాచుకున్న చెక్క అది. ఎంత పెద్ద కస్టమరు అడిగినా తియ్యలేదు. "నార చూడు పాపా, ఎట్ల పోతాండాదో. ఈ కొస నుంచి ఆ కొస దాకా యాడా వంకర లేదు" అన్నాడు నాతో.

ఆయన దాన్ని తిప్పిన తీరు చూసి నాకు భయం పట్టుకుంది. దీన్ని పాడుచేయకూడదు. అందుకని ముందు పనికిరాని ముక్కల మీద ప్రయోగాలు మొదలుపెట్టాను. పసుపు కలిపి పూశాను. పొద్దున పూస్తే బంగారంలా ఉంది, ఎండ తగిలేసరికి వెలిసిపోయింది. టీ డికాషన్ పూశాను, మురికి గుడ్డలాగా తయారైంది. తర్వాత నాకు గొప్ప ఆలోచన వచ్చింది. మన వైపు పట్టుగూళ్లు పసుపు రంగువి కదా, వాటిని ఉడికించిన నీళ్లు అచ్చం తేనెలాగే ఉంటాయి. మిల్లుకు పోయి ఒక బకెట్టు అడిగి తెచ్చాను. ఆ నీళ్ల వాసన ఎట్లా ఉంటుందో హిందూపురంలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పదిహేనేళ్లు అందులో మునిగినదాన్ని కాబట్టి నాకు తెలియలేదు. యజమాని మాత్రం ముక్కు మూసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. "ఆ కట్టె పట్టుకుని ఆడితే ఎదుటోడు దగ్గరికి రాడులేమ్మా, మనోడే గెలుస్తాడు" అన్నాడు అక్కడి నుంచే. పెదనాయన నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు.

చివరికి హార్డువేరు షాపులో ఒక రంగు పొడి దొరికింది. స్పిరిట్లో కలిపి చిన్న ముక్క మీద పూస్తే బాగా కుదిరింది. ఇంకేం, ధైర్యం వచ్చేసి అసలు కర్రకు పూశాను. చిన్న ముక్క వేరు, అంత పొడుగు కర్ర వేరు. చెక్క ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉంటుంది. మెత్తనిచోట రంగు గటగటా తాగింది, గట్టిచోట అంటనే లేదు. ఆరాక చూస్తే కర్రంతా మచ్చలే.

పెదనాయన వచ్చి చూశాడు. మచ్చల మీద వేలితో రాశాడు.

"నున్నగా చేసి చేతికిస్తే బొల్లి తెప్పిస్తివి కదా పాపా" అన్నాడు. అని లేతు దగ్గరికి పోయి నాకు వీపు తిప్పి కూర్చున్నాడు.

మచ్చలు పోయేదాకా రుద్దితే కర్ర సన్నబడుతుంది, పనికిరాదు. ఆయన మళ్లీ ఒక చెక్క వెతికి, మళ్లీ తిప్పాడు. కానీ నాతో మాట మానేశాడు. అంత చిన్న షెడ్డులో, చెయ్యి చాపితే తగిలే దూరంలో కూర్చుని, "ఏమప్పా, ఆ పాపకు చెప్పు, కట్టె ఈడ పెట్టినా అని" అని యజమానితో అనేవాడు. ఆయన నా వైపు తిరిగి "విన్నావు కదమ్మా" అనేవాడు. "విన్నానని చెప్పన్నా" అనేదాన్ని నేను. బయటివాళ్లకు నవ్వులాటే. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. మా నాయన పోయాక నన్ను పాపా అని పిలిచే మనిషి ఆయన ఒక్కడే.

ఆ కొత్త కర్రకు చెయ్యి పెట్టడానికి ధైర్యం చాలలేదు. ఒకసారి ఆ పెద్దమనిషిని చూసొస్తే ఏమన్నా తోస్తుందేమోనని ధర్మవరం బయల్దేరాను.

ఆమె ఇల్లు స్టేషనుకు దగ్గరే. పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టే పని చేసుకుంటూ తండ్రిని కనిపెట్టుకుని ఉంటుంది. నేను పోయేసరికి ఒళ్లో చీర, పళ్ల మధ్య దారం. తండ్రి కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఉతికిన బనియను, నున్నగా గీసిన గడ్డం. ఎంత శ్రద్ధగా చూసుకుంటోందో ఆ గడ్డమే చెప్పింది. నన్ను చూసి ఆయన గబుక్కున లేవబోయాడు.

"డ్యూటీకి టైమైందా?"

"ఇంగా కాలేదు నాయనా, కూర్చో" అందామె.

ఆయన కూర్చుని ఎడమచెయ్యి కిటికీ చట్రం మీద పెట్టాడు. వేళ్లు విప్పారి, బొటనవేలు కొంచెం పైకి లేచి, కర్ర ఆనడానికి అనువుగా చెయ్యి దానంతట అదే కుదురుకుంది. పైన కర్ర లేదు. కుడిచేతి పిడికిలి ముందుకూ వెనక్కూ ఆడుతోంది. నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

నా కష్టం చెబితే ఆమె నన్ను వెనక వీధిలో పట్టుకు రంగులేసే అక్క దగ్గరికి తీసుకుపోయింది. పెద్ద రాగి గంగాళం, పొగ, మోచేతుల దాకా రంగు. ఆ అక్క పని ఆపకుండానే అంతా విని, "పట్టు కూడా అంతేమ్మా" అంది. "పొడి పట్టును రంగులో ముంచితే యాడ ముందు తడిస్తే ఆడ ముదురైతాది. అందుకే ముందు దానికి నీళ్లు తాపాల. కడుపు నిండిన పట్టు రంగును నిదానంగా తాగుతాది. ఇంగోటి, ముదురు రంగు ఒక్కసారే పెట్టకూడదు. పలచగా పెట్టి, తీసి, చూసి, మళ్లా పెట్టాల." పోయేటప్పుడు కాగితంలో చిటికెడు రంగు పొడి పొట్లం కట్టి ఇచ్చింది.

అన్నేళ్లు పట్టు తీశాను గానీ అది చీరయ్యేలోపు ఏమేం పడుతుందో నాకు తెలియదు. తిరుగు రైల్లో కూర్చుని అదే ఆలోచించాను. చెక్కకు నీళ్లు తాపితే నార లేస్తుంది. నీళ్లకు బదులు పలచటి లక్క తాపితే? లక్కను స్పిరిట్లో బాగా పలచగా కరిగించి ముందు ఒక పూత వేస్తే, చెక్క కడుపు నిండుతుంది. తర్వాత రంగును కూడా లక్కలోనే కలిపి, పొరలు పొరలుగా వేసుకుంటూ పోవచ్చు. మచ్చ పడదు.

ఇంకొక సంగతి షెడ్డులోనే దొరికింది. కిటికీలో ఎప్పటినుంచో ఒక మేపుల్ ముక్క పడి ఉంది, దాని మీద ఒక ఉప్పు కాగితం. కాగితం తీసి చూస్తే, దాని కిందంతా తెల్లగా ఉంది, ఎండ పడినచోట మాత్రం లేత పసుపు తిరిగింది. ఎవరూ ఏమీ పూయలేదు. ఎండే ఆ పని చేసింది. ఆ పాత కర్ర రంగు చెక్క లోపల ఎందుకుందో అప్పుడు తెలిసింది. పైపూతతో ఆ లోతు రాదు. ముందు ఎండ పట్టాలి.

కర్రను షెడ్డు ఆనుకుని ఉన్న యజమాని ఇంటి మిద్దె మీదికి తీసుకుపోయాను. పక్కింటివాళ్ల దగ్గర పట్టుపురుగులు గూళ్లు కట్టుకునే వెదురు తట్ట, చంద్రిక అంటారు, అది ఒకటి అడిగి తెచ్చి, దాని మీద పండబెట్టాను. కిందికి దిగానో లేదో, లేతు ఆగింది.

"నా కట్టె యాడ?" అన్నాడు పెదనాయన. యజమానితో కాదు, నాతో.

"మిద్దె మీద, ఎండలో."

"ఎండలో పెడితివా! వంగిపోతాది కదా!" మెట్ల దాకా వచ్చేశాడు. "ఒప్పుకోను. తీసేయ్. నేనొప్పుకోను."

"మాట్లాడినాడు!" అని యజమాని చేతులు చరిచాడు. పెదనాయన ఆయన వైపు ఒక చూపు చూసి పైకి ఎక్కాడు. నేను కిటికీలోని ముక్క తీసుకుని వెనకే పోయి, అది చూపించి నా ఆలోచన చెప్పాను. ఆయన ఆ ముక్కను తిప్పితిప్పి చూశాడు. తర్వాత చంద్రిక మీది కర్రను తీసి, బట్టలారేసే తీగ దగ్గరికి పోయాడు.

"పండబెడితే ఒకపక్కే కాలి వంగుతాది. తల పట్టి యాలాడగట్టు. గాలికి అదే తిరుక్కుంటాది" అన్నాడు. జేబులోంచి దారం తీసి ఆయనే కట్టాడు.

అప్పటి నుంచి ఆ కర్ర బట్టల తీగ మీద చీరల పక్కన వేలాడేది. గాలి లేని పూట పెదనాయన లేతు ఆపి, మోకాళ్లు పట్టుకుంటూ పైకెక్కి, దాన్ని కొంచెం తిప్పి దిగేవాడు. క్షమించానని ఆయన అనలేదు, నేను అడగలేదు. నేను కట్టుకొచ్చిన రాగి సంగటిలో మళ్లీ వాటా తీసుకున్నాడు. అదే చాలనుకున్నాను.

ఎండ పట్టిన కర్రకు పలచటి లక్క తాపాను. ఆరనిచ్చి రుద్దాను. శుద్ధిచేయని ముదురు లక్కకే కొంత తేనె ఛాయ ఉంటుంది. దానిలో ఆ అక్క ఇచ్చిన పొడి సూదిమొనంత కలిపి, పాత పట్టు పీలికను ఉండ చుట్టి దాంతో అద్దాను. ప్రతి పొరకూ పాత ముక్కను పక్కన పెట్టి, బయటి వెలుతుర్లో చూశాను. పొర వేసినప్పుడు తేడా కనిపించేది కాదు. ఏమీ కావడం లేదే అనిపించేది. ఒకరోజు చూస్తే రెండూ పక్కపక్కన ఉన్నాయి, ఏది ముక్కో ఏది కర్రో తెలియాలంటే చెదలు తిన్న కొస వెతుక్కోవలసి వచ్చింది. క్లబ్బులో ఏళ్ల తరబడి అట్లాంటి కర్రలు చూసిన యజమాని దాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పితిప్పి చూశాడు. తర్వాత పోయి అందరికీ టీ చెప్పాడు.

కర్ర ఇవ్వడానికి నేనొక్కదాన్నే పోదామనుకున్నాను. "చేసినోడు చేతికియ్యాల" అన్నాడు పెదనాయన. సరే, నేను హిందూపురంలో ప్యాసింజరు ఎక్కితే ఆయన పెనుకొండలో ఎక్కాడు. చలికాలం పొద్దు. అల్లుడిది పాత ఖాకీ కోటు ఒకటి తొడుక్కుని, తెల్లమీసాలు దువ్వుకుని, పెళ్లికి పోతున్నట్టు వచ్చాడు. నా దగ్గర కర్ర తీసుకుని ధర్మవరం దాకా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. మళ్లీ నాకు పట్టుకోవడానికి కూడా ఇవ్వలేదు.

ఆమె తండ్రిని తీసుకుని రైల్వే క్లబ్బుకే వచ్చింది. పాత హాలు, ఎత్తైన కప్పు, అతుకులేసిన గుడ్డతో పెద్ద బల్ల. ఆయన బల్ల పక్కన ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు. ఆమె మా దగ్గర కర్ర తీసుకుని, గుడ్డ విప్పి, తండ్రి చేతుల్లో పెట్టింది.

"కట్టె దొరికింది నాయనా."

ఆయన చూశాడు. కొస నుంచి కొస దాకా చెయ్యి జరిపాడు. వెలుతురుకు పట్టి చూశాడు. ఆ ముఖంలో ఏదో కదిలింది.

"ఇది నాది కాదే" అన్నాడు.

ఆమె ముఖం చూడాలంటే నాకు ధైర్యం లేకపోయింది. అన్ని రోజుల పని, పెదనాయన రెండోసారి తిప్పిన చెక్క, అంతా ఆ ఒక్క మాటతో పోయింది. రంగు తప్పిందా? యాడ తప్పింది?

"నీదే నాయనా, సరిగా చూడు" అందామె.

"నాకు కట్టె యాడిదమ్మా? ఇది మా డ్రైవరు గారిది" అన్నాడాయన. కర్రను మాత్రం వదల్లేదు, రెండు చేతులా ఛాతీకి ఆనించుకున్నాడు. "పోగొట్టినాననుకున్నా. ఆయనకు ఏం చెప్పాలో తెలీక సస్తాండా."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా చెవి దగ్గర చెప్పింది. తండ్రి వయసులో ఉన్నప్పుడు ఇంజనులో బొగ్గు వేసే పనిలో ఉండేవాడట. ఆయన పైన ఒక పెద్ద డ్రైవరు. పనీ ఆయనే నేర్పాడు, ఆటా ఆయనే నేర్పాడు. ఈ కట్టె మొదట ఆ డ్రైవరుది. రిటైరై పోతూ ఇచ్చిపోయాడు. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచి అది నాయన కట్టే. కానీ తండ్రి మనసు వెనక్కి వెనక్కి పోయి, ఆ కట్టె ఇంకా తనది కాని రోజుల్లో ఆగింది. "నేను తన కట్టె కోసం ఏడుస్తాండాడనుకున్నానక్కా. పెద్దాయన వస్తువు పోగొట్టినానని భయంతో ఏడ్చినాడు ఇన్నాళ్లూ."

ఆ సమయంలోనే ఆయన కళ్లు మా వెనకాల తలుపు దగ్గర నిలబడ్డ పెదనాయన మీద పడ్డాయి. ఖాకీ కోటు. తెల్లమీసాలు. ఆమె తండ్రి వెన్ను నిటారుగా చేసి, గబగబా నడిచి ఎదురుగా పోయి, కర్రను రెండు చేతుల్లో పెట్టి ముందుకు చాపాడు.

"మీ కట్టె సార్. భద్రంగా ఉండాది. చూసుకోండి."

పెదనాయన గురించి మీకు చెప్పాను కదా. ఎదుటి మనిషితో మంచిగా రెండు మాటలు అనాలంటే నోరు రాని మనిషి. ఆయన నా వైపు చూడలేదు, ఆమె వైపు చూడలేదు. కర్రను అందుకున్నాడు. అలవాటుగా కంటి దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి, వంకర ఉందేమోనని చూశాడు. తర్వాత దాన్ని తిరిగి ఆమె తండ్రి చేతుల్లోనే పెట్టి, ఆ చేతుల మీద తన చేతులు వేశాడు.

"బాగా పెట్టుకున్నావప్పా" అన్నాడు. "ఇంగ నాకొద్దు. నీకే ఇస్తాండా. ఉంచుకో."

"నాకా?"

"నీకే."

ఆయన నమ్మలేనట్టు మా అందరి ముఖాల్లోకి చూశాడు. కూతురి దగ్గరికి వచ్చాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు, అయినా ఆమెకే చెప్పాడు. "డ్రైవరు గారు నాకే ఇచ్చినాడు, చూసినావా?" అన్నాడు. ముఖమంతా ఒకటే నవ్వు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "చూసినా, చూసినా" అంది.

తర్వాత ఆయన బల్ల మీదికి వంగాడు. వణికే చెయ్యి గుడ్డ మీద ఆనగానే కుదురుకుంది. తెల్ల బంతిని కొట్టాడు. అది పోయి ఎర్ర బంతిని తాకింది, ఎర్రది మెల్లగా దొర్లుతూ పోయి మూలగుంతలో పడింది. పెదనాయన "ఊఁ" అన్నాడు. అంతే. తిరిగి రైలెక్కాం. పెనుకొండ స్టేషన్లో దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ రంగు లేకపోతే ఆయన గుర్తుపట్టేవాడు కాదు పాపా" అని, నేను బదులు చెప్పేలోపు గేటు వైపు నడిచిపోయాడు. నా పని గురించి ఆయన నోట విన్న మెప్పు అదొక్కటే. ఉద్యోగంలో ఒక్క మెప్పు చాలా అని మీరడగవచ్చు. ఎవరి నోట అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ తర్వాత మా షెడ్డు తేనె రంగుకు పేరుపడింది. బెంగళూరు నుంచి కుర్రాళ్లు తమకిష్టమైన పొడుగు, బరువు చెప్పి చేయించుకునేవాళ్లు. అందరూ చివర్లో "రంగు మాత్రం ఆమె చేత వేయించండి" అనేవాళ్లు. పెదనాయన కళ్లు మసకబారి పని మానేశాడు. పండక్కి నేను సేమ్యా తీసుకుని పెనుకొండ పోతే, కొత్త కర్ర ఏదన్నా తెచ్చానా అని అడిగేవాడు. చేతికిస్తే చూడలేకపోయినా కంటి దగ్గర పెట్టుకునేవాడు.

కొన్నేళ్లకు ధర్మవరం ఆమె మళ్లీ షెడ్డుకు వచ్చింది. వాళ్ల నాయన పోయి అప్పటికి సంవత్సరం దాటిందట. మనిషి కొంచెం తేలికపడింది. చేతిలో అదే కర్ర. "కొసన ఉండే తోలు బిళ్ల ఊడిపోయిందక్కా, అతికిస్తావా?" అంది.

కర్రను వెలుతుర్లో పెట్టి చూశాను. కుడిచెయ్యి పట్టేచోట నా పూత అరిగిపోయింది. అక్కడ చెయ్యి తగిలి తగిలి చెక్కకు సొంత ఛాయ వచ్చింది. దాని పక్కన పెడితే నా రంగు రవ్వంత ఎరుపు. చేసినప్పుడు ఎవరికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. నవ్వుకున్నాను.

"ఇక్కడ అరిగింది. రంగేసి కలిపేయనా?" అన్నాను.

"వద్దక్కా. బిళ్ల అతికించు చాలు. బంతి జారిపోతాండాది."

"జారిపోతాందా? ఎవరాడుతాండారు?"

ఆమె సిగ్గుపడింది. "నేనే. సాయంత్రం కుచ్చుల పని అయినాక క్లబ్బుకు పోతా. మా నాయన నేర్పించినాడు. డ్యూటీలో కొత్తగా చేరిన పిల్లోడు అనుకున్నాడో, ఎవరనుకున్నాడో నాకు తెలీదు. రోజూ పక్కన నిలబెట్టుకుని నేర్పించినాడు. చివరి వారంలో, బాగా ఆడతాండావు, ఇంగ ఇది నువ్వే ఉంచుకో అని చేతిలో పెట్టినాడు."

నేను బిళ్ల అతికించి, చుట్టూ నున్నగా గీకి, ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని కంటి దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి, వంకర ఉందేమోనని చూసుకుంది.